రెండో ముసలితనానికి ఏ దేశం?

జనవరి రెండో వారంలో విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొత్త అపార్టుమెంట్లు చూడవచ్చేవారిలో ప్రవాసులు ఎక్కువగా కనిపిస్తారు. పాతికేళ్ల కిందట చదువుకో ఉద్యోగానికో దేశం దాటినవారు సంక్రాంతికి వచ్చి, పోరంకిలోనో తాడేపల్లిలోనో మూడు పడక గదుల ఫ్లాటు చూసి, బాల్కనీలో నిలబడి ‘అరవై రాగానే వచ్చేద్దాం’ అనుకుంటారు. అదే దంపతులు జూన్‌లో డల్లాస్‌లో కూతురి ఇంట మనవడిని ఎత్తుకుని ‘ఇక్కడే ఉండిపోదాం’ అనుకుంటారు. ఈలోగా ఎవరో స్నేహితుడు థాయిలాండ్‌లో ఖర్చు తక్కువనీ, పోర్చుగల్‌లో వాతావరణం హాయిగా ఉంటుందనీ చెబుతాడు. ఆ మాటా నచ్చుతుంది. ఈ మూడు ఆలోచనల్లోనూ నిజం ఉంది. మూడింటిలోనూ ఉన్న లోపం మాత్రం ఒక్కటే: ఒంట్లో ఓపిక ఉన్న రోజున కూర్చుని, ఎప్పటికీ ఓపిక తరగని మనిషి కోసం చేసిన ఆలోచనలవి.

ముసలితనం ఒకటి కాదు, రెండు. ఉద్యోగం మానిన నాటి నుంచి సుమారు డెబ్బై అయిదు దాకా మొదటిది. సొంతంగా కారు నడుపుతూ, విమానాలు ఎక్కుతూ, తన సూట్‌కేసు తానే దించుకోగల కాలం. చేతిలో డబ్బు, మనసులో కాస్త ఉత్సాహం ఉంటే ఆ కాలానికి దాదాపు ఏ దేశమైనా సరిపోతుంది. రెండోది ఆ తర్వాత వచ్చేది. మోకాళ్లు మొరాయించి, మందుల డబ్బా బల్ల మీద శాశ్వతంగా చేరి, చివరికి ఇద్దరిలో ఒకరే మిగిలే కాలం. దేశాన్ని ఎంచుకోవలసింది ఈ రెండో ముసలితనం కోసం. మొదటిదాని కోసం ఎంచుకున్నవారు రెండోది వచ్చాక మళ్లీ మూటాముల్లే సర్దుకోవలసి వస్తుంది. ఎనభయ్యో ఏట దేశం మారడం అరవైలో మారినట్టు ఉండదు. ఆరోగ్య బీమా దొరకడమే కష్టం, దొరికినా పాత జబ్బులకు వెంటనే పనికిరాదు. కొత్త పరిచయాలు పుట్టవు. పాత పరిచయాల్లో సగం మంది ఉండరు.

గల్ఫ్ దేశాల్లో పనిచేసినవారికి ఈ ఎంపిక చాలావరకు ముందే తేలిపోయి ఉంటుంది. అక్కడ నివాస హక్కు మామూలుగా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. పౌరసత్వం దాదాపు అందని మాట. విదేశీ ఉద్యోగికి నెలనెలా వచ్చే పింఛను ఉండదు, ఉద్యోగం వదిలేనాడు చేతికొచ్చే గ్రాట్యుటీయే ఆధారం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అది మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. అంటే ఇరవై ఏళ్ల చాకిరీకి దక్కేది సుమారు ఏడాదిన్నర మూల వేతనం. 55 దాటినవారికి ఆ దేశం అయిదేళ్ల విశ్రాంత వీసా ఇస్తోంది. కానీ ఆస్తి, పొదుపు, నెలసరి ఆదాయం వీటిలో ఏదో ఒకటి నిర్ణీత స్థాయిలో చూపించాలి, గడువు తీరగానే మళ్లీ చూపించాలి. మొదటి ముసలితనానికి ఇది మంచి ఏర్పాటే. రెండోదానికి ఇందులో చోటు లేదు.

మూడో దేశం సంగతీ అంతే. థాయిలాండ్ యాభై ఏళ్లు నిండిన విదేశీయుడిని విశ్రాంత వీసా మీద రానిస్తుంది. బ్యాంకులో 8 లక్షల బాట్‌లు ఉండాలి, లేదా నెలకు 65 వేల బాట్‌ల ఆదాయం చూపాలి. ప్రతి 90 రోజులకూ చిరునామా తెలియజేయాలి. ఏడాదిలో 180 రోజులు అక్కడ గడిపేవారు బయటి నుంచి తెచ్చుకునే ఆదాయాన్ని 2024 జనవరి నుంచి పన్ను పరిధిలోకి తెచ్చారు. మలేషియా 2002లో ‘నా రెండో ఇల్లు’ పేరుతో ప్రారంభించిన పథకంలో నెలసరి ఆదాయ అర్హత 10 వేల రింగిట్లు ఉండేది. 2021లో దాన్ని ఒక్కసారిగా 40 వేలకు పెంచారు. 2024లో ఆ పద్ధతినీ మార్చి, భారీ డిపాజిట్లతో కొత్త శ్రేణులు పెట్టి, ఇల్లు కొనడం తప్పనిసరి చేశారు. పోర్చుగల్ 2009లో విదేశాల నుంచి వచ్చి చేరేవారికి పన్ను రాయితీ ప్రకటించింది. 2020లో కొత్తగా చేరేవారి విదేశీ పింఛన్ల మీద 10 శాతం పన్ను వేసింది. 2024 నుంచి కొత్తవారికి ఆ తలుపే మూసింది. ఈ మూడు దేశాలూ ఎవరినీ మోసం చేయలేదు. తమ అవసరానికి పిలిచాయి, అవసరం మారినప్పుడు నిబంధన మార్చాయి. అతిథిని పిలిచిన ఇల్లు, ఆ అతిథి మంచాన పడతాడని ఊహించి పిలవదు.

మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. మలేషియాలో తోటల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇవి మనసుకు దగ్గరగా అనిపించే విషయాలే. అయితే ఉగాదికి సెలవు ఉన్నంత మాత్రాన రాత్రి పూట తెలుగులో ‘ఎక్కడ నొప్పిగా ఉందమ్మా’ అని అడిగే నర్సు దొరకదు. ఈ భాష సంగతి పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. మతిమరుపు జబ్బు ముదిరినవారిలో తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం వైద్యులు తరచూ చూసేదే. ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో సమావేశాలు నడిపిన మనిషి చివరికి తెలుగులోనే మంచినీళ్లు అడగవచ్చు. ఆ మాట అర్థమయ్యేవారు చుట్టూ ఉన్నారా లేదా అన్నది దేశం ఎంపికలో భాగమే.

అసలు చిక్కు అమెరికాకూ స్వస్థలానికీ మధ్య ఉంది. కృష్ణా, గుంటూరు ప్రాంతపు ప్రవాసుల్లో ఎక్కువ కుటుంబాల్లో నలిగే ప్రశ్న ఇదే కాబట్టి దీన్ని కాస్త లోతుగా చూడాలి.

అమెరికాలో కనీసం పదేళ్లు, అంటే 40 క్రెడిట్లు వచ్చేంత కాలం పనిచేసినవారికి సోషల్ సెక్యూరిటీ పింఛను హక్కు వస్తుంది. 1960లో, ఆ తర్వాత పుట్టినవారికి పూర్తి పింఛను వయసు 67. పింఛను తగ్గినా ఫర్వాలేదనుకుంటే 62 నుంచే తీసుకోవచ్చు. పదేళ్లు నిండకుండా తిరిగి వస్తే కట్టిన సొమ్ము మీద హక్కు ఉండదు. జర్మనీ, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాలతో భారత్‌కు ఉన్న సామాజిక భద్రత ఒప్పందం అమెరికాతో లేదు. హక్కు వచ్చినవారికి మాత్రం ఆ పింఛను గుంటూరులో ఉన్నా అందుతుంది. అమెరికా పౌరులకు అక్కడి మామూలు పన్ను లెక్కే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు వదులుకుని వచ్చిన భారత పౌరుడికి మాత్రం పింఛనులో 85 శాతం మీద 30 శాతం చొప్పున, అంటే మొత్తం మీద 25.5 శాతం, అక్కడే కోసి పంపుతారు.

బ్రిటన్ నుంచి వచ్చేవారి కథ మరింత బాధాకరం. అక్కడి ప్రభుత్వ పింఛను పెంపుదల భారత్‌లో నివసించేవారికి వర్తించదు. మొదటి నెల ఎంత వచ్చిందో ఇరవై ఏళ్ల తర్వాతా అంతే వస్తుంది. అదే మనిషి అమెరికాలో స్థిరపడితే ఏటా పెరుగుతుంది. ఒకే చందా కట్టిన ఇద్దరికి నివసించే దేశాన్ని బట్టి వేర్వేరు న్యాయం జరగడం సమంజసం కాదు. కానీ ఉన్న నిబంధన అది, లెక్క దాని ప్రకారమే వేసుకోవాలి.

డబ్బు సరిహద్దు దాటుతుంది. వైద్యం దాటదు. అమెరికాలో 65 నిండినవారికి వచ్చే మెడికేర్ ఆ దేశం బయట దాదాపు దేనికీ చెల్లించదు. ముప్పై ఏళ్లు జీతంలోంచి దాని కోసం పన్ను కట్టి, సరిగ్గా అది అక్కరకొచ్చే వయసులో విజయవాడ వస్తే ఆ హక్కు అక్కడే ఉండిపోతుంది. డాక్టరు ఫీజులకు సంబంధించిన రెండో భాగానికి ఇక్కడ కూర్చుని నెలనెలా ప్రీమియం కట్టడం వృథా అనిపిస్తుంది. మానేసి తర్వాత మళ్లీ చేరితే, మానేసిన ప్రతి పన్నెండు నెలలకూ 10 శాతం చొప్పున అదనపు భారం సాధారణంగా జీవితాంతం మోయాలి. ‘జబ్బు చేస్తే అమెరికా వెళ్లిపోవచ్చు’ అనే ధీమాతో తిరిగి వచ్చేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. పైగా పక్షవాతం వచ్చిన మనిషి పద్దెనిమిది గంటలు విమానంలో కూర్చోలేడు.

అలాగని అమెరికాలోనే ఉండిపోతే రెండో ముసలితనానికి పూర్తి రక్షణ ఉన్నట్టా? అదీ కాదు. గుండె ఆపరేషన్‌కు మెడికేర్ ఆదుకుంటుంది. స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి, పక్క మార్చడానికి మనిషి కావలసి వచ్చినప్పుడు ఆదుకోదు. ఆసుపత్రి నుంచి వచ్చాక నైపుణ్యం గల నర్సింగ్ కేంద్రంలో గరిష్ఠంగా 100 రోజుల వరకే దాని సాయం. ఆ తర్వాత సొంత డబ్బు, అది కరిగిపోయాక పేదలకు ఉద్దేశించిన మెడికెయిడ్. తెలుగు కుటుంబాలు లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఆసుపత్రి ఖర్చు గురించి భయపడతారు గానీ, ఆసుపత్రి అక్కర్లేని జబ్బు గురించి ఆలోచించరు.

అంతకన్నా ముందు కారు తాళాలు చేతిలోంచి పోయే రోజు వస్తుంది. డల్లాస్, అట్లాంటా శివార్లలో కారు నడపలేని మనిషికి గుడి లేదు, కూరగాయల అంగడి లేదు, స్నేహితుడి ఇల్లు లేదు. పిల్లలు ప్రేమగలవారే అయినా ఇద్దరూ ఉద్యోగస్థులు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పెద్ద ఇల్లు, నిశ్శబ్దం, టీవీ. సత్యనారాయణపురంలోనో బ్రాడీపేటలోనో అయితే బండి మీద ఆకుకూరలు గుమ్మం ముందుకు వస్తాయి. ఎదురింటావిడ పేరు పెట్టి పిలుస్తుంది. మందుల దుకాణం కుర్రవాడు ఇంటికి తెచ్చి ఇస్తాడు. వీటికి ధర కట్టే పట్టిక ఏదీ లేదు కాబట్టి దేశాల పోలిక చేసేటప్పుడు ఇవి లెక్కలోకి రావు. రావాలి.

ఇక్కడే ఇంకొక మాట చెప్పుకోవాలి. తిరిగి రావాలన్న కోరిక చాలా ఇళ్లలో భర్తది. ఆయన స్నేహితులు, ఆయన చదివిన కళాశాల, ఆయన ఊరి చెరువు గట్టు. సాధారణంగా భర్త వయసులో పెద్దవాడు, స్త్రీల ఆయుర్దాయం ఎక్కువ. చివరికి ఆ ఎంపికతో ఒంటరిగా బతకవలసింది భార్యే కావచ్చు. అందువల్ల ‘నేను లేకపోతే నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటావు’ అన్నది అసలు ప్రశ్న, దానికి ఆమె ఇచ్చే జవాబుకు ఎక్కువ బరువు ఉండాలి. కొందరు స్త్రీలు మనవల దగ్గరే అంటారు. కొందరు అక్కచెల్లెళ్లున్న ఊరు అంటారు. ఏది చెప్పినా అది ఆయన కలలోని ఊరు కాకపోవచ్చు.

స్వస్థలం వైపు తూకం వేసేటప్పుడు మమకారాన్ని పక్కన పెట్టి చూస్తే, వైద్యం విషయంలో ఈ ప్రాంతానికి చెప్పుకోదగ్గ బలం ఉంది. విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట వీధులకు వీధులే ఆసుపత్రులు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. గుంటూరు వైద్య కళాశాల 1946 నాటిది. చినకాకానిలో ప్రవాస వైద్యుల చొరవతో వచ్చిన వైద్య కళాశాల ఉంది. బీమా విషయంలోనూ మార్పు వచ్చింది. 65 దాటితే కొత్త ఆరోగ్య పాలసీ ఇవ్వనవసరం లేదన్న వెసులుబాటు 2024 ఏప్రిల్ నుంచి కంపెనీలకు లేదు. ముందే ఉన్న జబ్బుల కోసం వేచి ఉండవలసిన గరిష్ఠ కాలాన్ని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. ప్రవాసులూ ఇక్కడి పాలసీ తీసుకోవచ్చు కాబట్టి, తిరిగి రావాలనుకున్న ఏడాదికి మూడేళ్ల ముందే తీసుకోవడం తెలివైన పని. వచ్చాక తీసుకుందామనుకుంటే ఆ మూడేళ్లూ షుగరుకు, గుండెకు రక్షణ లేకుండా గడపాలి.

బలహీనతలూ అంతే స్పష్టం. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా వెళ్లే రోజులుంటాయి. వయసు పెరిగే కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని తోడేస్తాయి. ఆ ఎండ డెబ్బై అయిదేళ్ల మనిషికి అసౌకర్యం కాదు, ప్రమాదం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కరెంటు లేక లిఫ్టు ఆగిన భవనంలో నాలుగో అంతస్తులో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన మనిషి ఉంటే పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. కాబట్టి దేశం నిర్ణయించుకున్నాక వీధిని కూడా అంతే శ్రద్ధగా నిర్ణయించుకోవాలి. నేల ఎత్తు ఎంత, అంబులెన్సు గుమ్మం దాకా వస్తుందా, లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా? అమరావతి మీద ఆశతో స్థలం కొనడం వేరే వ్యవహారం. 2015లో శంకుస్థాపన జరిగి, 2019 తర్వాత ఆగిపోయి, 2024లో మళ్లీ కదిలిన నగరం అది. డబ్బు పెట్టడానికి కారణాలు ఉండవచ్చు, ముసలితనాన్ని అక్కడ ఇప్పుడే పెట్టడానికి లేదు.

‘కాలువ గట్టున రెండెకరాలు కొని మామిడి తోట వేద్దాం’ అన్న కల చాలామందిలో ఉంటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరసత్వం కోల్పోతారు, రెండూ ఉంచుకోవడానికి మన రాజ్యాంగం ఒప్పుకోదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఒక జీవితకాల వీసా. దానితో ఇల్లు కొనవచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు, పక్క గట్టు కొనడానికి వీల్లేదు. భారత పౌరసత్వం నిలుపుకుని గ్రీన్‌కార్డు మీదే గడిపినవారు తిరిగి వచ్చి ఇక్కడి నివాసిగా మారాక కొనుక్కోవచ్చు. పౌరసత్వ ప్రమాణం చేసే ముందు ఈ తేడా తెలిసి ఉంటే కొందరి నిర్ణయం మారేది.

పన్నుల్లో గుర్తుంచుకోవలసినవి కొన్నే, కానీ ఖరీదైనవి. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారు తిరిగి వచ్చాక రెండు మూడేళ్ల పాటు ఇక్కడ ఒక మధ్యస్థ హోదాలో ఉంటారు. ఆ కాలంలో విదేశీ పెట్టుబడుల ఆదాయం మీద భారత్‌లో పన్ను పడదు. విదేశీ షేర్లు అమ్ముకోవడం, ఖాతాలు సర్దుకోవడం వంటి పనులు ఆ గడువులోనే ముగించుకోవాలి. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను లెక్క అడుగుతుంది. విదేశీ ఖాతాల్లో మొత్తం కలిపి 10 వేల డాలర్లు దాటితే ఏటా తెలియజేయాలి. ఇక్కడి మ్యూచువల్ ఫండ్ల మీద అక్కడి పన్ను నిబంధనలు చాలా కఠినం. గ్రీన్‌కార్డు వదిలేసి అక్కడి షేర్లు అలాగే ఉంచుకున్నవారికి ఇంకొక ముప్పు ఉంది. అమెరికాలో నివాసం లేని విదేశీయుడు మరణిస్తే అక్కడి ఆస్తిలో 60 వేల డాలర్లు దాటిన భాగం మీద వారసత్వ పన్ను పడుతుంది. భారత్‌లో అలాంటి పన్ను 1985లోనే రద్దయింది కాబట్టి ఈ సంగతి చాలామందికి తట్టదు. గ్రీన్‌కార్డు పదిహేనేళ్లలో ఎనిమిదేళ్లు ఉండి, ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే ఆ కార్డును వదులుకునేటప్పుడే నిష్క్రమణ పన్ను లెక్క వేస్తారు.

ఇవన్నీ తేలాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎనభై రెండో ఏట తుంటి ఎముక విరిగితే ఆసుపత్రి వరండాలో ఎవరు కూర్చుంటారు? అమెరికాలో అయితే కూతురో కొడుకో, ఉద్యోగానికి సెలవు పెట్టి. విజయవాడలో అయితే ‘అందరూ ఉన్నారు కదా’ అంటారు. లెక్క పెడితే ఆ అందరూ తగ్గుతూ వస్తున్నారు. అన్నదమ్ములకూ అదే వయసు. వాళ్ల పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, లేదా వాళ్లూ డల్లాస్‌లోనే ఉంటారు. పాతికేళ్లుగా ఏ పెళ్లికీ ఏ చావుకీ రాని మనిషి కోసం అర్ధరాత్రి పరిగెత్తవలసిన బాధ్యత ఎవరికీ లేదు. ఆ బాధ్యత ఒక మనసులో పుట్టడానికి ఏళ్లు పడుతుంది. పక్కింటి వారి పిల్లవాడి పరీక్ష ఫలితం అడగాలి, మేనల్లుడి గృహప్రవేశానికి వెళ్లాలి, కష్టంలో ఉన్నవారి దగ్గర ఒక రాత్రి తాను కూర్చోవాలి. అందుకే తిరిగి రావాలనుకునేవారు ఓపికున్న అరవైలోనే రావాలి. డెబ్బై అయిదు దాటి వచ్చేవారికి ఊరు దొరుకుతుంది గానీ, ఊళ్లో మనుషులు దొరకరు.

పిల్లలు దూరంలో ఉండటం వల్ల వచ్చే చివరి సంగతినీ దాచుకోనవసరం లేదు. గన్నవరం నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. హైదరాబాద్ మీదుగానో ఢిల్లీ మీదుగానో, కబురు అందినప్పటి నుంచి ఇల్లు చేరేసరికి ఒకటిన్నర రోజైనా పడుతుంది. పిల్లలు వచ్చేదాకా హాల్లో ఫ్రీజర్ పెట్టె అద్దెకు తెచ్చి ఉంచడం ఈ రెండు ఊళ్లలో ఇప్పుడు అందరూ చూసిన దృశ్యం. ఆ దృశ్యాన్ని భరించగలమా లేదా అన్నది తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ముందుగా మాట్లాడుకోవలసిన విషయం. కోలుకునే ఆశ లేని స్థితిలో యంత్రాల మీద ఉంచవద్దని ముందస్తుగా రాసి ఉంచే పత్రానికి సుప్రీంకోర్టు 2018లో చట్టబద్ధత ఇచ్చి, 2023లో ఆ ప్రక్రియను సులభం చేసింది. ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసుకుని నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరించుకుంటే చాలు. పిల్లలు విమానంలో ఉన్న గంటల్లో డాక్టరు ఎవరి మాట వినాలో ఆ పత్రం చెబుతుంది.

ఏ నిర్ణయమైనా ఇల్లు అమ్మక ముందు, ఇల్లు కొనక ముందు ఒక ఏడాది పరీక్షించి చూడవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారు అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసుకుంటే రెండేళ్ల దాకా చెల్లే పునఃప్రవేశ అనుమతి వస్తుంది. అది లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు. పౌరులకు ఆ చిక్కు లేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదలు కావాలి, అద్దె ఇంట్లో గడవాలి. మే ఎండ చూడాలి, సెప్టెంబరు వాన చూడాలి, సంక్రాంతి చుట్టాలు వెళ్లిపోయాక వచ్చే ఫిబ్రవరి నిశ్శబ్దం కూడా చూడాలి. ఆ పన్నెండు నెలల్లో ఏదో ఒక రాత్రి జ్వరమో, కడుపునొప్పో, కాలు జారి పడటమో జరుగుతుంది. అప్పుడు ఫోను తీసి మొదట ఏ నంబరు నొక్కారో, ఆ మనిషి ఎంతసేపట్లో వచ్చారో ఇద్దరూ గుర్తు పెట్టుకోవాలి.